కోనసీమ క్రాప్ హాలిడేలో మా అమ్మ కూలి ఎక్కడ? (లెక్కల్లో మనం – 9)

పోయిన వారం మా క్లాసులో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం పాఠం చెప్పాలి. భీమన్న గారు మన మామిడికుదురులో పుట్టిన మనిషి. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం ఆ నాటకం కథ. కమతం, పాలేరుతనం, కూలి అంటే ఏమిటో తెలియకుండా ఆ నాటకం చదివితే ఏమీ ఎక్కదు. అందుకని ముందు రోజు పిల్లలకి ఒక పని చెప్పాను: "2011లో మన కోనసీమలో క్రాప్ హాలిడే జరిగింది. దాని గురించి ఒక పేజీ రాసుకురండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి."

మర్నాడు వచ్చిన పేజీలు దాదాపు అన్నీ ఒకే చేత్తో రాసినట్టు ఉన్నాయి. ఇంట్లో అడగలేదు, ఫోన్‌లో ఏఐని అడిగారు. సారాంశం ఇది: ఉపాధి హామీ పథకం వల్ల కూలీలు దొరక్క, కూలి రేట్లు పెరిగిపోయి, గిట్టుబాటు ధర లేక రైతులు పంట విరామం ప్రకటించారు. ఒక కుర్రాడు దాన్ని గట్టిగా చదివాడు. పేట పిల్లాడే. "మీ నాయనమ్మ ఊడ్పులకి వెళ్ళేదా?" అని అడిగాను. "ఆయ్, వెళ్ళేదండి" అన్నాడు. "మరి ఆ ఏడాది ఆవిడ ఏం చేసిందో అడిగావా?" అంటే తల దించుకున్నాడు.

వాడిని తప్పుపట్టడం లేదు. ఆ యంత్రం అబద్ధం కూడా ఆడలేదు. అప్పటి పత్రికల్లో, ప్రకటనల్లో, వక్తల ఉపన్యాసాల్లో ఏముందో అదే తిరిగి చెప్పింది. అసలు సమస్య అక్కడే ఉంది మిత్రులారా. అప్పుడు ఎవరూ రాయనిది ఇప్పుడు ఏ యంత్రం చెబుతుంది?

2011లో నేను డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. రాజోలు దగ్గర మా ఊరు. సెలవుల్లో అమ్మతో ఊడ్పులకి వెళ్ళి ఫీజు డబ్బులు కొంత కూడబెట్టుకోవడం నాకు ఇంటర్ నుంచీ అలవాటు. ఆ ఏడాది సార్వాకి ఆకుమళ్ళే పోయలేదు. చేలు గడ్డి పట్టి ఉన్నాయి. కోనసీమలో దాదాపు లక్ష ఎకరాల్లో నాట్లు పడలేదని పత్రికలు రాశాయి. దేశం మొత్తం మనవైపు చూసింది. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వాన కమిటీ వేసింది.

రైతుల బాధలో నిజం లేదని నేను అనను. ఆ ఏడాది ధాన్యం మద్దతు ధర సాధారణ రకం క్వింటాలుకి 1,080 రూపాయలు. మన దగ్గర బస్తా అంటే 75 కిలోలు, అంటే 810 రూపాయలు. అంతకు ముందు దాళ్వా ధాన్యానికి ఆ మద్దతు ధర కూడా చేతికి రాలేదని రైతులు మొత్తుకున్నారు. బాస్మతీయేతర బియ్యం ఎగుమతులపై కేంద్రం పెట్టిన నిషేధం 2011 సెప్టెంబరు దాకా ఎత్తెయ్యలేదు. అప్పటికి సార్వా ఊడ్పుల కాలమే దాటిపోయింది. మురుగు కాలువలు పూడిపోయి గట్టి వాన పడితే చేలు చెరువులయ్యేవి. ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. దాన్ని అమలు చెయ్యమని రైతులు అడిగారు. న్యాయమైన డిమాండే.

వీటితోపాటు ఇంకో డిమాండు కూడా ఉంది. సీజన్‌లో ఉపాధి హామీ పనులు ఆపాలి, లేదా ఆ పథకాన్ని వ్యవసాయానికి ముడిపెట్టాలి. అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ కూడా సీజన్‌లో ఆ పనులు ఆపాలన్నారు. గ్రామీణాభివృద్ధి మంత్రి జైరాం రమేష్ ఒప్పుకోలేదు. పత్రికల జిల్లా పేజీల్లో "కూలీల కొరత" అనే మాట రోజూ కనిపించేది. కూలీలు సోమరులైపోయారని ఉపన్యాసాల్లో విన్నాను. మా కాలేజీ బస్సులో పక్క సీట్లో వాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఆ సోమరుల్లో ఒకావిడ నాకు బస్ పాస్ డబ్బులు ఇచ్చి పంపింది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. మొన్న ఆదివారం అమ్మని కూర్చోబెట్టి అడిగాను. "ఎకరం ఊడ్చాలంటే ఎంతమంది కావాలే?"

"ఆకుతీతతో కలిపా, ఉట్టి ఊడ్పా?"

"ఉట్టి ఊడ్పే."

"చెయ్యి తిరిగినోళ్ళయితే ఎనమండుగురు, పదిమంది. పొద్దున్న దిగితే సాయంత్రానికి అయిపోద్ది."

ఎకరానికి ఎనిమిది నుంచి పది పనిదినాలు. లక్ష ఎకరాలకి ఎంత? ఒక్క ఊడ్పుల్లోనే ఎనిమిది నుంచి పది లక్షల పనిదినాలు. అందులో ఎక్కువ ఆడవాళ్ళవి, ఎక్కువ పేటలవి. ఆ పైన ఆకుతీత, కలుపు, కోత, కుప్ప, నూర్పు అన్నీ ఉన్నాయి. ఇది ఉజ్జాయింపు లెక్క. ఎవరైనా ఇంకా సరిగా కడితే సంతోషిస్తాను. నేను అప్పుడు దాచుకున్న పేపర్ కటింగులన్నీ మళ్ళీ తిరగేశాను. రైతుకి ఎకరానికి నష్టం ఎంతో ఉంది, మిల్లర్ల మాట ఉంది, ఎరువుల డీలర్ల మాట కూడా ఉంది. పోయిన ఈ పనిదినాల లెక్క ఒక్క దాంట్లోనూ లేదు. నాలాంటి ఆడపిల్ల కట్టగలిగిన గుణకారం అది.

ఇంకో చిన్న లెక్క. 2011 జనవరి నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 121 రూపాయలు. కొలత ప్రకారం పని పూర్తయితేనే అదీ. కుటుంబం మొత్తానికి ఏడాదికి 100 రోజులే. ఆ పనులు ఎక్కువగా నడిచేది ఎప్పుడు? ఏప్రిల్, మే, జూన్ నెలల్లో, చేలో పని లేని ఎండాకాలంలో. సార్వా ఊడ్పులు జులై, ఆగస్టుల్లో. ఎండాకాలంలో చెరువు పూడిక తీసిన మనిషి ఆ కారణంగా జులైలో ఊడ్పుకి రాకుండా ఎలా పోతుంది? నిజంగా జరిగింది వేరు. ఎండాకాలంలో అప్పు చెయ్యకుండా బతకగలిగిన ఆడది జులైలో కామందు చెప్పిన రేటుకి తల ఊపలేదు. "ఇంత అయితే వస్తాం" అంది. దాన్నే కొరత అన్నారు.

అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర పెరిగితే పేపర్లో ఏమని రాస్తారో గుర్తుచేసుకోండి. "కొబ్బరికి కళ", "రైతుల్లో ఆనందం". కూలి ధర పెరిగితే? "బెంబేలెత్తుతున్న రైతన్న". రెండూ ధరలే. ఒకరి చెట్టున కాసింది, ఇంకొకరి ఒంట్లోంచి వచ్చింది. ఒక ధర పెరగడం శుభవార్త, రెండోది పెరగడం సంక్షోభం. ఇందులో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. ఎవరి వైపు నిలబడి చూశారన్నదే తేడా.

చేలు ఎవరు చేస్తున్నారన్నది కూడా ఆ వార్తల్లో కలిసిపోయింది. మన దగ్గర వరి చేసేది చాలావరకు కౌలుదారులు. భూమి ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. గట్టు మీద కొబ్బరి ఆయనది, చేలో నష్టం కౌలుదారుది. ఆ కౌలుదారుల్లో బీసీలున్నారు, మనవాళ్ళూ ఉన్నారు. కౌలుదారులకి గుర్తింపు కార్డులిచ్చే చట్టం మన రాష్ట్రంలో వచ్చింది కూడా ఆ 2011లోనే. ఆసామి, కౌలుదారు, కూలి ముగ్గురికీ మూడు రకాల లెక్కలుంటాయి. "రైతు" అన్న ఒక్క మాటలో మొదటివాడి లెక్కే నిలబడింది.

ఎందుకిలా అంటే, రాసేచోట మనం లేము కాబట్టి. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేఖరుల్లో ఒక్క దళితుడి కోసం వెతికి, దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశారు. భారతీయ భాషా పత్రికల మీద పుస్తకం రాసిన రాబిన్ జెఫ్రీ కూడా పదేళ్ళు తిరిగి ఇదే గమనించారు. అది పాత కాలం అనుకుందామా? 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 సంపాదక నాయకత్వ స్థానాలు పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. వ్యవసాయ కూలి ఇంటి నుంచి వచ్చినవాడు డెస్కు మీద ఒక్కడున్నా ఆ గుణకారం కట్టేవాడు.

ఇది ఈనాటి సంగతి కాదు. పాలేరుతనమే లెక్క చుట్టూ నడిచిన వ్యవస్థ. పెళ్ళికి తీసుకున్న అప్పు, ఇచ్చిన గింజలు, నాగా పెట్టిన రోజులు అన్నీ కామందు పుస్తకంలో ఉండేవి. పాలేరుకి చదువు రాదు కాబట్టి ఆ పుస్తకంలో ఏముంటే అదే నిజం. మా తాత ఎన్నేళ్ళు చేసినా బాకీ తీరలేదని అమ్మ చెబుతుంది. ఎంత బాకీయో ఆయనకి కూడా తెలియదట. మన పెద్దలు బడి కోసం పోరాడింది ఉద్యోగం కోసమే అనుకుంటాం. ఆ పుస్తకం చదవడం కోసం కూడా. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' పత్రిక నడిపినా, కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు 'నలుపు' పత్రికతో నడిచినా అందుకే. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టిందీ అందుకే.

బాబాసాహెబ్ గురించి మనం ఒకటి మర్చిపోతుంటాం. ఆయన ముందు ఆర్థికవేత్త. 1918లో చిన్న కమతాల సమస్య మీద వ్యాసం రాశారు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం. 1925లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం. ఆ కాలపు కరెన్సీ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. అంటే మన జిల్లాకి పెట్టింది ఒక ఆర్థికవేత్త పేరు. 2022 మే 18న ఆ పేరు ప్రతిపాదిస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్ళు తగలబెట్టారు.

ఆ తర్వాత జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. వాట్సాప్ గ్రూపుల్లో జనాన్ని కూడగట్టారు కాబట్టి ఆపక తప్పలేదన్నారు. ఆ రోజుల్లో ఆర్థిక వార్త ఏమిటో తెలుసా? ఇళ్ళ నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా దాటి వెళ్ళారన్నది. నిజమే, వాళ్ళకీ కష్టమే. వాళ్ళలో నా పాత విద్యార్థులూ ఉన్నారు. కానీ అది ఉపాధి హామీ పనులు జోరుగా నడిచే మే నెల. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న పనిచోట్ల హాజరు మొబైల్ యాప్‌లోనే వెయ్యాలని కేంద్రం పెట్టిన నిబంధన అమల్లోకి వచ్చింది మే 16న. నెట్ పోయింది మే 24న. కూలి హాజరు యాప్‌కి ముడిపెట్టిన ఎనిమిది రోజులకే నెట్ తీసేస్తే ఏమవుతుందన్న ప్రశ్న నాకు ఏ పేజీలోనూ కనపడలేదు. మా ఊళ్ళో మేట్ ఒక చిన్న నోటు పుస్తకంలో పేర్లు రాసుకున్నాడు. అమ్మ దాని పక్కన నిలబడి తన పేరు చూసుకుని వచ్చింది. ఆవిడ సంతకం వరకు చదువుకుంది. తన పేరు గుర్తుపట్టడానికి అది చాలు.

టెక్నాలజీ మీద నాకు పగ లేదు. ఈ వ్యాసం మీరు చదువుతున్నది ఫోన్‌లోనే. పేపర్ వెయ్యని మాట నేను ఫోన్‌లో రాయగలుగుతున్నాను. నా అభిప్రాయం ఒకటే. ఏ టెక్నాలజీ అయినా రెండు వైపుల నుంచీ చూడగలిగేలా ఉండాలి. నా లెక్క వాళ్ళకి కనిపిస్తే, వాళ్ళ లెక్క నాకూ కనిపించాలి.

అలా జరిగిన రోజులు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1990ల్లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊళ్ళో పనుల రికార్డులు జనం ముందు గట్టిగా చదివించింది. అక్కడి నుంచి ఉపాధి హామీ చట్టంలోకి సామాజిక తనిఖీ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టారు. మస్టర్లన్నీ కంప్యూటర్‌లో ఉండేవి, ఎవరైనా చూడొచ్చు. ఆ కాగితాలు పట్టుకుని కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగేవారు. "అమ్మా, నువ్వు ఫలానా వారం ఆరు రోజులు చేసినట్టుంది, చేశావా?" అని అడిగేవారు. తర్వాత మండలంలో ప్రజావేదిక. అధికారి కూర్చున్నచోట మా పేట ఆడవాళ్ళు లేచి "నాకు రాలేదండి" అనడం నేను కళ్ళారా చూశాను. నా దృష్టిలో నమ్మదగిన ఆర్థిక వార్త అంటే అది. అంకె ఎవరి గురించో వాళ్ళ ముందు చదివి, "అవునా?" అని అడగడం. కంప్యూటర్ ఉంది, కానీ కంప్యూటర్ మాటే చివరి మాట కాలేదు.

తర్వాత వచ్చినవి చూడండి. 2021 మార్చిలో కేంద్రం ఉపాధి కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని కులాల వారీగా విడివిడిగా చెల్లించమంది. ఒకే గట్టు మీద పనిచేసినవాళ్ళకి వేరు వేరు రోజుల్లో డబ్బులు పడ్డాయి. విమర్శల తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా రోజుకి రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. ప్రతిసారీ చెప్పింది పారదర్శకత కోసమనే. కానీ ఫొటో ఎక్కకపోతే ఎవర్ని అడగాలో అమ్మకి తెలియదు. ఆధార్‌లో పేరు ఒకలా, జాబ్ కార్డులో ఇంకోలా ఉంటే చేసిన పని చెయ్యనట్టే. మళ్ళీ కామందు పుస్తకమే, కాకపోతే ఇప్పుడది సర్వర్‌లో ఉంది.

టీవీలు, ఫోన్లు వచ్చాక వార్త వేగంగా వస్తోంది. నమ్మకం కూడా అలాగే పెరిగిందా? 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాక కొత్త 2,000 నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలిసిపోతుందని వాట్సాప్‌లో తిరిగింది. కొన్ని జాతీయ టీవీ ఛానళ్ళే ఆ కబురు ప్రసారం చేశాయి. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకి తిరిగొచ్చాయని 2018 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తన వార్షిక నివేదికలో చెప్పింది. చిప్ కబురు మా పేటకి ఒక్క రోజులో వచ్చింది. 99.3 కబురు చేరలేదు. నేను చెబితే అమ్మ "మరి మన కూలి డబ్బులెందుకు ఆగిపోయినియ్యే అప్పుడు?" అంది. ఆ ప్రశ్న వెయ్యాల్సింది ఆర్థిక పేజీ.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెబుతాను. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. వీబీ జీ రామ్ జీ అంటున్నారు. 100 రోజులు 125 అవుతాయని పెద్ద అక్షరాలతో వార్తలొచ్చాయి. అదే చట్టంలో ఇంకో మాట ఉంది. విత్తే కాలం, కోత కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు ఈ పనులు నిలిపివేయాలి. వ్యవసాయానికి కూలీలు దొరకాలని.

మిత్రులారా, ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 2011లో మన కోనసీమ చేల గట్ల మీద వినిపించిన డిమాండే అది. అప్పుడు ఒప్పుకోని మాట 14 ఏళ్ళ తర్వాత చట్టంలో కూర్చుంది. ఆ ఏడాది కథ ఒకవైపు నుంచే రాశారు. ఆ కథే నిజమైంది. ఇప్పుడు ఫోన్‌లో అడిగినా అదే చెబుతోంది. మా అమ్మ తన రేటు తను చెప్పుకోగలిగిన ఒకే ఒక్క బలం, సరిగ్గా అది పనికొచ్చే 60 రోజుల్లో ఉండదు. రాయని పనిదినాలకి ఇదీ ఖరీదు.

2022 జూన్‌లో కూడా కోనసీమ మండలాల్లో కొన్నిచోట్ల మళ్ళీ పంట విరామం అన్నారు. అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఊరికో యూట్యూబ్ ఛానల్ ఉంది. అయినా కూలి మనిషి ముందు మైకు పెట్టినవాళ్ళు నాకు తగల్లేదు. సాధనం మారినా అలవాటు మారలేదు.

విద్యార్థులకి నాలుగు మాటలు. ఏ ఆర్థిక వార్త చదివినా ఈ ప్రశ్నలు వెయ్యండి. ఈ అంకె ఎవరు లెక్కపెట్టారు? ఇందులో ఎవర్ని అడిగారు, ఎవర్ని అడగలేదు? ఒకరి నష్టం అంటున్నారే, అది ఇంకొకరి కూలా? ఈ అంకె తప్పైతే సరిదిద్దమని నేను ఎక్కడికి వెళ్ళాలి? నాలుగో ప్రశ్నకి జవాబు లేని అంకెని, అది పేపర్‌లో వచ్చినా యాప్‌లో వచ్చినా ఏఐ చెప్పినా, తొందరపడి నమ్మకండి.

రెండో పని ఇంకా ముఖ్యం. మా పిల్లలకి మళ్ళీ అదే పేజీ రాసుకురమ్మన్నాను. ఈసారి ఫోన్‌లో రికార్డర్ మాత్రమే వాడాలి. అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి 2011 సార్వాలో ఎన్ని రోజులు పని దొరికింది, కూలి ఎంత, ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయి అని అడగాలి. తేదీ, ఊరు వెయ్యాలి. పేరు వాళ్ళు ఒప్పుకుంటేనే. అప్పుడు ఊడ్పులకి వెళ్ళిన ఆడవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

ఆ కుర్రాడు నిన్న వచ్చాడు. ఒకటిన్నర పేజీ రాశాడు. వాళ్ళ నాయనమ్మ ఆ ఏడాది తాడేపల్లిగూడెం వైపు ముఠాతో వెళ్ళి, నెలన్నర అక్కడే గుడారంలో ఉండి ఊడ్చి వచ్చిందట. చివర్లో వాడు ఒక వాక్యం రాశాడు: "మా నాయనమ్మ పని మానలేదండి, పనికోసం జిల్లా దాటింది."

ఆ పేజీ నా దగ్గర దాచాను. మీ ఇళ్ళలో ఉన్నవి కూడా రాసి పంపండి. వచ్చే భాగంలో అవి కలిపి చదువుదాం.

జై భీమ్.